నాలుగు దినాల గోలీ

మా వదిన అంబుజ కడుపుతో ఉందన్న సంగతి మా ఇంట్లో అందరికంటే ముందు ఎదురింటి నింగవ్వకు తెలిసింది. ఆమె ఆ మాట మాతో అనలేదు. బోరింగు కాడ బిందె తోముతూ తిప్పన్న పెండ్లాంతో అన్నదట. తిప్పన్న పెండ్లాం పిండిగిర్నీలో మా అమ్మ చెవిన వేసింది.

"ఆనందమ్మ కోడలు రెండు నెలల సంది బయట కూసున్నది లేదు. నేను దినాం చూస్తనే ఉన్న. నడుము పట్టుకోని నడుస్తలేదా? ఈపాలి మొగపిల్లగాడే, రాసిపెట్టుకో" అన్నదట.

నింగవ్వ తన గడపలో కూర్చుంటే మా పశువుల కొట్టం పక్క మూల తిన్నగా కనబడుతుంది. మా ఇంట్లో ముట్టయిన ఆడది ఐదు రోజులు కూర్చునేది ఆ మూలలోనే. ఒక చాప, ఒక చెంబు, ఒక సత్తు పళ్లెం. మా వాడలో క్యాలెండరు లేని ఇళ్లున్నాయి గానీ నింగవ్వ లెక్కలో లేని ఆడది లేదు.

ఆమె లెక్క తప్పలేదు కూడా. ఆ మూల నిజంగానే రెండు నెలలుగా ఖాళీ. ఎందుకు ఖాళీయో తెలిసింది ఇద్దరికే, వదినకూ నాకూ. మందు గోలీలు తెచ్చి ఇచ్చింది నేనే.

అప్పుడు నేను రాయచూరులో బి.ఎ. రెండో సంవత్సరం. మా ఊరి పక్కనే బొగ్గుతో కరెంటు తీసే థర్మల్ స్టేషను. థర్మల్‌కు కూలీలను దింపి వెనక్కి పోయే బస్సులో కాలేజీకి పోయేదాన్ని. మా అన్న ప్రకాశ్ ఆ థర్మల్‌లోనే బూడిద పైపుల దగ్గర కాంట్రాక్టు పని చేసేవాడు. మా చేను సగం ఆ బూడిద చెరువు కిందికే పోయింది. మిగిలిన మూడెకరాల్లో విత్తనం పత్తి పెట్టేవాళ్లం.

విత్తనం పత్తి మామూలు పత్తిలాగా దానంతట అది కాసేది కాదు. ఆడసాళ్లు వేరు, మగసాళ్లు వేరు. పగటి అన్నం తిన్నప్పటినుంచి పొద్దుగూకేదాకా ఆడసాళ్లలో తిరిగి, రేపు విచ్చబోయే మొగ్గను పట్టుకుని, గోటితో రేకులూ లోపలి పుప్పొడీ ఒలిచేసి, గుర్తుకు ఎర్రకాగితం తొడగాలి. తెల్లారి మంచు ఆరగానే మగపువ్వు తెంపి తెచ్చి దానికి రాయాలి. దీన్ని క్రాసింగ్ అంటారు. యాభై, అరవై రోజులు, ఒక్క రోజు ఆగకుండా. మొగ్గకు ఆదివారం తెలియదు, అమావాస్య తెలియదు. ఇవాళ ఒలిచింది రేపు రాయకపోతే ఎల్లుండికి రాలి కాళ్లకింద పడుతుంది.

ఈ పనిమీద మా అమ్మ చట్టం ఒకటుంది. ముట్టయినామె చేను తొక్కితే మొగ్గ రాలుతుంది. మా అవ్వ చెప్పిందట, అవ్వకు ఆమె అత్త చెప్పిందట. థర్మల్ గొట్టాలనుంచి వచ్చిన బూడిద రోజూ ఆ పూలమీద పిండి జల్లినట్టు పడేది. ఉఫ్‌మని ఊది పుప్పొడి రాసేవాళ్లం. ఆ బూడిదను మాత్రం ఎవరూ మైల అనలేదు.

రెండో కూతురు పుట్టినప్పటినుంచి వదినకు ముట్టు ఐదు రోజులకు ఆగేది కాదు. తొమ్మిది, పది. గడ్డలు గడ్డలుగా పోయేది. చాపమీదినుంచి లేవాలంటే గుంజ పట్టుకునేది. అట్లాంటి మనిషి లేచి చేనులోకి వస్తే ఆమె గోటికి సాటి గోరు మా పక్క ఊళ్లలో కూడా లేదు. మిగిలినవాళ్లు ఒక సాలు ముగించేలోపు రెండో సాలు నడుమకు వచ్చి నిలబడేది. మొగ్గ నలిగేది కాదు, కొన విరిగేది కాదు.

అందుకే అంతకుముందు ఏడాది అంత రాద్ధాంతం అయింది. క్రాసింగ్ మంచి ఊపుమీద ఉండగా వదిన సాలు నడుమ నిలబడి, చేతిలో మొగ్గను అట్లాగే వదిలేసి, "అత్తా, నేను బయటైన" అంది. పద్నాలుగు మంది ఆడవాళ్లు ఉన్నారు చేనులో. మా అమ్మ గొంతు తగ్గించలేదు.

"నెలకు పది దినాలు నువ్వు కూసుంటే పూలు నీకోసం కూసుంటయా? కోడలు కోడలని తెచ్చుకుంటి. ఇంతకంటె ఒక దున్నపోతును కొనుక్కున్నా, ముట్టు గిట్టు లేకుండ పని చేస్తుండె."

కొందరు నవ్వారు. వదిన చేను గట్టుమీదుగా, కొంగు వెనకకు చుట్టుకుని, ఒక్కతే ఇంటికి నడిచింది. పక్క సాలులో ఉన్న బసవ్వ నవ్వలేదు. దేవదుర్గ దిక్కునుంచి ఏటా సీజనుకు వచ్చే ఆడకూలీల ముఠాకు ఆమె పెద్ద. తలెత్తి ఒకసారి చూసి మళ్లీ మొగ్గలమీదికి వంగింది. నేనూ వంగాను.

ఆ మరుసటి ఎండకాలం అన్నను ఒప్పించి వదినను రాయచూరు ఆడడాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. డాక్టరమ్మ కన్నడామె, కానీ తెలుగు మనలాగే మాట్లాడింది. కంటి రెప్ప కిందికి లాగి చూసి, "ఒంట్ల నెత్తురే లేదు గదమ్మా, ఇన్నేండ్లు ఏం చేస్తుంటిరి?" అంది. బలానికి ఒక గోలీ, నెత్తురు ఎక్కువ పోకుండా ఒక గోలీ రాసింది. ఆ రెండోదాని కింద పెన్నుతో రెండు గీతలు గీసింది.

"ఇది జోరుగ పోయే దినాలల్లనే మింగాలె. దినానికి మూడు. నాలుగు దినాలు, అంతే. తగ్గకుంటే నా దగ్గరికి రా గని, ఐదో దినం నీ అంతట నువ్వు మింగొద్దు. వేరే గోలీలేమన్న తింటున్నవా? పిల్లలు కాకుండ, నెల జరగనీకె, అట్లాంటివి?"

"లేదమ్మా."

"మీ ఇంట్ల ఎవరికన్న కాలు నరంల నెత్తురు గడ్డకట్టిందా?"

"తెల్వదమ్మా."

"సరే. ఇది కట్టిన గడ్డను కరగనియ్యదు. కారే కాడ అది మంచిది. కారని కాడ గడ్డ కడితే అదే చెడ్డది. అందుకని నాకు చెప్పకుండ ఇంకో గోలీతోని కలపొద్దు. ఒక కాలు వాచినా, ఎదల నొచ్చినా, దమ్ము వచ్చినా గోలీ ఆపి ఆ దినమే రావాలె. రెండు నెలలకు వస్తే కడుపు స్కాన్ చేద్దాం. ఎందుకు పోతుందో తెల్వాలె గద." నా దిక్కు తిరిగింది. "నువ్వు చదువుకుంటున్నవు గద, రాసుకో."

రాసుకున్నాను. చీటీ వెనక, నీలం ఇంకుతో, వరుసగా. నాలుగు రోజులే. వేరే గోలీతో వద్దు. కాలు వాస్తే వెంటనే.

మొదటి నెల ఆమె చెప్పినట్టే మింగింది. నాలుగో రోజుకు బండమీద నీళ్లు ఆరినట్టు ఆరిపోయింది. వదిన కొట్టం మూలనుంచి నన్ను పిలిచి, "మేఘా, నాకు ఇయ్యాల కండ్లు తిరగలేదే" అంది, పరీక్ష పాసైనంత సంతోషంగా. అంతవరకు ఆ మందు ఆమె పాలిటి దేవుడే. ఈ మాట ఎవరడిగినా చెబుతాను.

శ్రావణం నడుమ క్రాసింగ్ మొదలైంది. మొదలైన పదో రోజు ఆమె బయటైంది. గోలీ వల్ల ఇప్పుడు మరక బయటికి తెలిసేంత లేదు. "చెప్పను పో" అంది నాతో, "రాలితే రాలనీ, చూద్దాం." చెప్పకుండానే ఐదు రోజులూ చేనులోకి వచ్చింది. ఒక్క మొగ్గ రాలలేదు. ఆరో రోజు ఇద్దరం మగసాళ్లలో కూర్చుని నోట్లో కొంగు కుక్కుకుని నవ్వాము. "మీ అవ్వ, వాళ్ల అత్త, అందరు ఉత్తదే చెప్పిండ్రు" అంది వదిన. ఇన్నేళ్ల చట్టాన్ని ఆడవాళ్లం ఇద్దరం ఒక గోలీతో గెలిచామని నాకు గర్వం. బి.ఎ. చదువుతున్న గర్వం.

గెలిచినవాళ్లకు ఇంకొంచెం గెలవాలనిపిస్తుంది. మరుసటి నెల దగ్గరపడుతుంటే వదిన అడిగింది.

"మా చెల్లె జాతరకు పోయేటప్పుడు నెల జరిపే గోలీ మింగింది. జరిగింది. అది దొరుకుతదా? క్రాసింగ్ అయ్యేదాంక మింగుత. ఒక్క మరక పడ్డా మీ అమ్మ కండ్ల పడుతదని పానం కొట్టుకుంటుంది."

బస్టాండు పక్కన మెడికల్ షాపు దుర్గప్ప పాత చీటీని తిరగేసి కూడా చూడలేదు. "నెల జరిపేదా? ఎన్ని కావాలె?" అన్నాడు. ఈ రెండూ కలిపి వాడొచ్చా అని అడిగాను. అడిగాననే ధైర్యం నాకు చాలాకాలం ఉండేది. అతను నా చంకలో పుస్తకాలు చూసి, "చదువుకున్నామెవు, నీకు నేను చెప్పాల్నా?" అని పొట్లం కట్టాడు. ఆ మాటకు నేను పొంగిపోయాను.

జరిపే గోలీ మింగినా అప్పుడప్పుడు మరక కనబడేది. మరక కనబడిన ప్రతి రోజూ వదిన ఆపే గోలీ కూడా వేసుకునేది. తర్వాత మరకతో పని లేకుండా, ముందుజాగ్రత్తకు రోజూ వేసుకోవడం మొదలుపెట్టింది. నాలుగు రోజుల గోలీ పదిహేను రోజులు దాటి నడిచింది. డాక్టరమ్మ మాట నాకు గుర్తు రాలేదంటే అబద్ధం. వచ్చింది. ఇంత చిన్న గోలీ అంత పని చేస్తుందా అనుకున్నాను. స్కాన్‌కు పోవాల్సిన రోజు కూడా క్రాసింగ్‌లోనే పడి పోయింది.

నింగవ్వ పుకారు వచ్చింది ఆ వారంలోనే.

పిండిగిర్నీ నుంచి మా అమ్మ పిండి తట్టతో పాటు ఇంకేదో నెత్తిన పెట్టుకుని వచ్చినట్టు వచ్చింది. వదినను ఏమీ అడగలేదు. పొయ్యిమీద పాలు కాచి, గ్లాసులో పోసి, ఆమె ముందు పెట్టి, "తాగు బిడ్డా" అంది. వదిన నా మొహం చూసింది. పెండ్లయిన ఆరేళ్లలో మా అమ్మ నోట ఆ పిలుపు ఆమె వినలేదు.

మరునాడు నీళ్ల తొట్టి దగ్గర నేను, "చెప్పేద్దాం వదినా, కడుపు గిడుపు ఏమీ లేదని" అన్నాను.

"వద్దే, నీ కాళ్లు మొక్కుత" అంది. "క్రాసింగ్ అయిపోనీ. పదిహేను దినాలు. అప్పుడు కడుపు పోయిందంటే సరిపాయె. జర నన్నొక పదిహేను దినాలు బిడ్డా అనిపించుకోనీ."

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

నాలుగైదు రోజులకు వదిన ఎడమ పిక్క వాచింది. కుడికాలు మామూలుగానే ఉంది. ఎడమ కాలు మాత్రం చర్మం నిగనిగలాడుతూ, తాకితే వెచ్చగా. "నిలవడి నిలవడి" అని తనే చెప్పుకుంది. మా అమ్మ చూసి గాబరాపడలేదు సరికదా, మురిసింది.

"ప్రకాశ్ కడుపుల ఉన్నప్పుడు నాకూ గిట్లనే వాచె. మొగపిల్లగాడైతే ఒక్క కాలే వాస్తది. ఇటు రా, కూసో."

వెల్లుల్లి వేసి నువ్వులనూనె కాచింది. పొద్దుగూకేవేళ, థర్మల్ సైరన్ మోగే సమయానికి, కోడలి కాలును తన తొడమీద పెట్టుకుని మడమనుంచి మోకాలి దాకా బొటనవేళ్లతో నొక్కి నొక్కి తోమింది. చెమట పట్టేదాకా తోమింది. ఒక రోజు కాదు, మూడు రోజులు. వదిన నొప్పికి పండ్లు బిగబట్టింది, అయినా కాలు వెనక్కి తీసుకోలేదు. కండ్లలో నీళ్లు తిరిగితే మా అమ్మ కొంగుతో తుడిచింది. గుమ్మంలో నిలబడి అది చూసి నేను సంతోషించాను. మా ఇంట్లో అట్లాంటి దృశ్యం అంతకుముందు లేదు.

మూడో రోజు పొద్దున పుస్తకంలోంచి ఆ చీటీ జారి పడింది. నా దస్తూరీయే. వంటింట్లోకి పోయి, "వదినా, ఇయ్యాల డాక్టరమ్మ దగ్గరికి పోదాం. కాలు వాస్తే రమ్మన్నది" అన్నాను.

"ఇయ్యాలెట్ల? నిన్న మగసాళ్ల అంచుదాంక ఒలిచి పెట్టిన. రాయకుంటే అన్ని రాలుతయి. ఆదివారం పోదాం."

అది గురువారం.

"సరే" అన్నాను. చీటీని మళ్లీ పుస్తకంలో పెట్టుకున్నాను.

శుక్రవారం పొద్దున, మంచు ఆరిన తర్వాత, మగపువ్వుల బుట్ట పట్టుకుని లేచిన వదిన రెండడుగులు వేసి కూర్చుంది. దమ్ము ఆడడం లేదని చేత్తో చూపింది. నీళ్లు తెచ్చేలోపు పెదవులు నీలంగా మారాయి. బసవ్వ తన తొడమీద తల పెట్టుకుని కొంగుతో విసిరింది. అన్న థర్మల్‌నుంచి ఎవరిదో టెంపో తెచ్చాడు. ఆ డాక్టరమ్మ దగ్గరికే అని నేను పట్టుబట్టాను. ఊరు దాటి మెయిన్ రోడ్డు ఎక్కకముందే బండిలో నా చేయి పట్టుకున్న ఆమె చేయి వదులైంది.

డాక్టరమ్మ చెయ్యాల్సినదంతా చేసింది, చెయ్యడానికి ఏమీ లేకపోయినా. తర్వాత నన్ను పక్క గదిలోకి పిలిచింది. ఖాళీ గోలీ పట్టీలు నా సంచిలోంచి తీసి బల్లమీద పెట్టాను. రెండు రంగులవి. ఆమె ఒక్కొక్కదాన్ని తిప్పి చూసింది.

"ఎన్ని దినాలు?"

చెప్పాను.

"కాలు వాచిందా?"

"వాచింది."

"ఎవరన్న పిసికిండ్రా?"

నేను బల్లమీది పట్టీలను వరుసగా సర్దాను. ఆమె చీటీ అడిగితే ఇచ్చాను. వెనక్కి తిప్పి నేను రాసుకున్న మూడు వరుసలూ చదివింది. చాలాసేపు చదివింది.

"అక్షరాలు మంచిగున్నయి" అని తిరిగి ఇచ్చేసింది.

కాలు పిసికితే నరంలోని గడ్డ జారి ఊపిరితిత్తికి పోవచ్చని తర్వాత నేనే అడిగి తెలుసుకున్నాను. ఆ సంగతి మా అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు. మూడేళ్లకింద ఆమె మోకాలు నొస్తున్నదంటే అదే నూనె కాచి, అదే గుమ్మం దగ్గర కూర్చుని తోమబోయాను. చేతులు రాలేదు.

చావు మైల మాకు పట్టింది గానీ మొగ్గలకు పట్టలేదు. ఇంటివాళ్లం చేను తొక్కకూడదు కాబట్టి మూడో రోజునుంచే బసవ్వ ముఠాను మాత్రమే పంపింది మా అమ్మ. సాయంత్రం వాళ్లు వచ్చి మా తొట్టి దగ్గర చేతులు కడుక్కునేవాళ్లు. ఐదో రోజు అట్లా కడుక్కుంటుండగా నింగవ్వ వచ్చి అమ్మ పక్కన చతికిలబడింది. అన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చిన్నపిల్ల అతని కాళ్లమీద నిద్రపోయింది. పెద్దపిల్ల కొట్టం మూలలో ఆ సత్తు పళ్లెంతో ఆడుకుంటోంది.

"పుణ్యాత్మురాలు. పసుపు కుంకుమలతోని పోయింది" అంది నింగవ్వ. "అందుల మొగపిల్లగాణ్ని కడుపుల పెట్టుకోని."

"మనుమడు పాయె, కోడలు పాయె" అని అమ్మ రాగం ఎత్తుకుంది.

"కడుపు లేదమ్మా" అన్నాను.

రాగం ఆగింది.

"ఏందే?"

"కడుపు లేదు. ముట్టు కనబడకుండ గోలీలు మింగింది, రెండు తీర్లవి. క్రాసింగ్ అయ్యేదాంక. నెత్తురు గడ్డకట్టి పోయింది. తెచ్చిచ్చింది నేనే. దినాలు మించొద్దని, రెండు కలపొద్దని డాక్టరమ్మ చెప్పింది. నేను రాసుకున్న గూడ."

అన్న తలెత్తి నా దిక్కు చూశాడు. తిడతాడనుకున్నాను. కాళ్లమీది పిల్లను లేపకుండా భుజంమీద వేసుకుని లోపలికి పోయాడు. ఆ రోజునుంచి మా అన్న నాతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు.

అమ్మ నన్ను కొట్టడానికి చెయ్యెత్తి, ఎత్తిన చెయ్యితో తన నొసలే కొట్టుకుంది.

"అయ్యో, గిదేం బుద్ధే దానికి! నేనేమన్న రాక్షసినా? ఒక్క మాట, ఒక్కటంటె ఒక్క మాట, అత్తా నేను బయటైన అని నాతోని చెప్పి ఉంటే, పో బిడ్డా, ఇంట్ల పండుకో అనకపోతుంటినా?"

తొట్టి దగ్గర బసవ్వ చేతుల నీళ్లు విదిలించి, కొంగుకు తుడుచుకుంది.

"పోయినేడు చెప్పింది గద ఆనందవ్వా. నువ్వేమంటివో సాళ్లల్ల నిలవడి మేమందరం వింటిమి."